అత్తయ్య నంబరు

ఆఫీసులో ఆమెను అందరూ దుమ్మక్క అనేవారు. ఆ పేరు పెట్టింది టైపు గుమస్తా టకటక బాబాయి. రికార్డు గదిలోంచి కట్టలు మోసుకుంటూ బయటికొచ్చేసరికి ఆమె జుట్టు మీద, కనుబొమ్మల మీద, భుజాల మీద బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉండేది. "అక్క వచ్చిందా, దుమ్మే కాళ్లు తెచ్చుకుని నడిచొచ్చిందా?" అని ఆయన ఒకరోజు అంటే గదంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. అంతే, అసలు పేరు మూలబడిపోయింది.

అది పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ రాసుకునే ఆఫీసు. ఒకప్పుడు ఆ రికార్డు గది తాళాలు ఆమె భర్త దగ్గర ఉండేవి. ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయాక ఆ ఉద్యోగం ఆమెకి ఇచ్చారు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్తయ్య. ఆయన పోయిన సంగతి కాగితం మీద ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి పాకడానికి ఎంత కాలం పట్టిందంటే, ఆయన పేరున ఉత్తరాలు వస్తూనే ఉండేవి, ఫోను చేసి ఆయన్ని పిలవమనే వాళ్లు పిలవమంటూనే ఉండేవారు. "ఇంకా రాలేదండీ" అని అత్తయ్య ఒకసారి జవాబిచ్చి, ఫోను పెట్టేసి, గోడకి తిరిగి పడుకుంది.

తర్వాత అత్తయ్య కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఒక మిషను ఆమె చేతి నరంలోంచి రక్తం తీసి, కడిగి, మళ్లీ లోపలికి పంపిస్తుంది. దానికి ప్రభుత్వం మనిషికొకటి ఇచ్చిన నంబరు కార్డు చూపించాలి. చేతులు మారి మారి కార్డు మీద అంకెలు అరిగిపోయాయి, అందుకని కౌంటరు దగ్గర నంబరు నోటితో చెప్పాలి. చెప్పేది దుమ్మక్కే. ఎన్నిసార్లు చెప్పిందో, నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తుంది. అత్తయ్య పక్కన నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు అటూ ఇటూ చూస్తూ ఉండేది.

ఆ జబ్బులో నీళ్లు ఎక్కువ తాగకూడదు. రోజుకి ఇంత అని ఒక చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. ఆ గ్లాసు దగ్గరే అత్తాకోడళ్లకి రోజూ గొడవ.

ఆ రోజు పొద్దున కూడా అంతే. దుమ్మక్క స్నానం చేసి వచ్చేసరికి అత్తయ్య కుళాయి దగ్గర దోసిలి పట్టి ఉంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"మొహం కడుక్కుంటున్నా."

"గొంతులోపల కూడా మొహం ఉందా?"

"గుక్కెడు నీళ్లకి కూడా నీ మొహం చూడాలే నేను! నేను పోతే నీ పీడా విరగడవుతుంది, నా పీడా విరగడవుతుంది."

"అయితే పొండి. ఎవరాపారు?" అనేసింది దుమ్మక్క, సంచీ భుజాన వేసుకుంటూ. బస్సుకి టైమైపోయింది. మెట్లు దిగుతుంటే ఆ మాట చెవిలోకి తిరిగొచ్చింది. వెనక్కి వెళ్దామనుకుంది. బస్సు వచ్చేసింది.

ఆఫీసులో ఆ రోజు కంప్యూటర్ల శిక్షణ. పాత పుస్తకాల్లో ఉన్నదంతా మిషన్లోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గుమస్తాలు చాలక, తాళాల వాళ్లనీ కట్టలు మోసేవాళ్లనీ కూడా కుర్చీల్లో కూర్చోబెట్టారు. నేర్పడానికి ఒక మేడమ్ వచ్చింది. చక్కగా, ఓపిగ్గా చెప్పింది. "ఇక్కడ ఒకచోట రాస్తే చాలు, అన్నిచోట్లా దానంతటదే మారిపోతుంది. జనం ఇంక ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు" అంది. భర్త పేరున వచ్చిన ఉత్తరాలు దుమ్మక్కకి గుర్తొచ్చాయి. ఈ మిషను అప్పుడే ఉంటే ఎంత బాగుండేది అనుకుంది.

"తెర మీద పైన పసుపు పట్టీ కనపడుతోందా? అది ఉంటే అభ్యాసం. అది లేకపోతే నిజం రికార్డు. గుర్తు పెట్టుకోండి" అంది మేడమ్.

దుమ్మక్కకి పట్టీ కనపడలేదు. దగ్గరి చూపు మందగించి చాలా కాలమైంది, కళ్లజోడు వాయిదా వేస్తూ వచ్చింది. అక్షరాలు పెద్దవి చెయ్యడానికి ఏ మీటలు నొక్కాలో మేడమే చూపించింది. వాటిని గట్టిగా పెంచేసుకునేసరికి తెర పైభాగం అంచు దాటి అవతలికి జారిపోయింది. మిగతావాళ్లంతా "ఆ, ఉంది మేడమ్" అన్నారు. ఆమె కూడా "ఉంది" అంది. నలుగురిలో చెయ్యెత్తి నాకు కనపడటం లేదనడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

టీ తాగాక మేడమ్ అందరికీ ఏదో చెప్తున్నప్పుడు ఆమె రికార్డు గదిలో ఉంది, పాత కట్టలు దింపుతూ. తిరిగొచ్చేసరికి అందరి ముందూ కట్టలు విప్పి ఉన్నాయి. ఆమె తెర కూడా ఎవరో మార్చి పెట్టారు. మరణాల పేజీ. చూడటానికి పొద్దున్నుంచీ ఉన్నట్టే ఉంది.

"ఏం దుమ్మక్కా, వేళ్లు వణుకుతున్నాయా?" అన్నాడు పక్క సీట్లో టకటక బాబాయి. పాతకాలం టైపు మిషను మీద పనిచేసి వచ్చినవాడు, మీట నొక్కితే బల్ల అదరాలి. "ఊఁ, ఒకర్ని పంపించు చూద్దాం."

తన కట్ట విప్పే ముందు ఇంకొక్కసారి చెయ్యి తిప్పుకుందామనుకుంది ఆమె. ఒక ఉత్తుత్తి పేరు రాసి, నోటికొచ్చిన నంబరు వేసింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ నంబరు లేదు. ఇంకోటి వేసింది. మళ్లీ ఎర్రగా. నిజం నంబరైతేనే మిషను ఒప్పుకుంటుందని అర్థమైంది. ఆమెకి వచ్చిన నిజం నంబరు ఒక్కటే.

వేళ్లు వాటంతట అవే వేసేశాయి. అత్తయ్య పేరు, వయసు, ఇంటి చిరునామా, ఏమీ అడక్కుండానే తెర మీదికి వచ్చేశాయి. ఇదేదో బాగుందే అనుకుంది. చనిపోయిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేసింది. 'పంపు' నొక్కింది.

"వెళ్లిపోయింది బాబాయ్!"

"ఎవరు?"

"మా అత్తయ్య" అంది దుమ్మక్క నవ్వుతూ.

"అబ్బ, ఎంతమంది కోడళ్ల కోరిక తీర్చావే!" అన్నాడాయన. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. మెడ తిప్పిన తీరు చూసి పొద్దున కోపం ఇంకా పోలేదనుకుంది దుమ్మక్క. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అత్తయ్య దగ్గరే ఉంటుంది, ఏదైనా అయితే పిలవడానికి. ఆమెకి చదవడం రాదు.

"ఇందాక ఇది టింగుమంది. చూడు" అంది ఫోను చాపి.

దుమ్మక్క ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చదివింది. *మీ కుటుంబ సభ్యురాలి మరణం నమోదైనది. మా ప్రగాఢ సానుభూతి.* కింద అత్తయ్య పేరు. దాని కింద ఆ నంబరు.

ఆ అంకెలు మళ్లీ ఒక్కొక్కటే చదివింది. పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది.

"ఏమిటే? ఎవరు?"

"ఎవరూ లేదు అత్తయ్యా. ఏదో కంపెనీ వాళ్లు. వస్తువులు కొనమని."

"దానికి మొహం అంత తెల్లబోవాలా?"

"బస్సులో నిలబడి వచ్చాను."

అత్తయ్య అలా చూస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి అడక్కుండానే దుమ్మక్క గ్లాసు నిండా నీళ్లిచ్చింది. అత్తయ్య గ్లాసు వంకా ఆమె వంకా మార్చి మార్చి చూసి, సగం తాగి, సగం వదిలేసింది.

మర్నాడు ఆమె అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లింది. మేడమ్ ఇంకో ఊరికి నేర్పడానికి వెళ్లిపోయింది. టకటక బాబాయికి చెప్తే ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. తనే లేచి వచ్చి, ఆమె తెర మీద అక్షరాలు చిన్నవి చేశాడు. పైనున్న జాగా కిందికి జారింది. పట్టీ లేదు.

"టీ తర్వాత అభ్యాసం అయిపోయిందని చెప్పింది కదమ్మా" అన్నాడు మెల్లగా. "నువ్వు లేవా?"

ఆఫీసరు గది తలుపు దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. లోపలికి వెళ్లాక మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆఫీసరు రెండుసార్లు అడిగి, అప్పటికి అర్థం చేసుకున్నాడు. అర్థమయ్యాక లేచి తలుపు మూశాడు.

"నేను ఒప్పుకుంటేగాని ఏదీ ఖాయం కాదు కదమ్మా" అన్నాడు. తర్వాత ఆయనే నాలుక కరుచుకున్నాడు. నిన్న సాయంత్రం లెక్క చూపించాలని, ఒక్కటీ తెరవకుండా, అన్నిటికీ కలిపి ఒకే నొక్కుతో 'ఒప్పుకున్నాను' అనేశాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. కుర్చీలో వెనక్కి వాలిన తీరు చూసి ఆమెకే తెలిసిపోయింది.

"తీసెయ్యండి సార్."

"ఎలా తీసెయ్యను? ఇదిగో చూడు. పుట్టుక ఉంది, చావు ఉంది, పెళ్లి ఉంది. పోయినవాళ్లు తిరిగొచ్చే మీట పెట్టలేదమ్మా వాళ్లు." రుమాలుతో అరచేతులు తుడుచుకున్నాడు. "పైవాళ్లు తనిఖీకి వస్తున్నారు. వచ్చి వెళ్లాక చూద్దాం. అప్పటిదాకా ఎవరితోనూ అనకు."

"రేపు ఆసుపత్రి ఉంది సార్."

"ఒక్కసారి ఆగితే ఏమవుతుంది?"

ఏమవుతుందో ఆమె చూసింది. పోయిన చలికాలంలో ఆసుపత్రి మిషను చెడిపోయి ఒక్కసారి ఆగింది. మర్నాటికి అత్తయ్య మొహం ఉబ్బిపోయింది, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది, పడుకుంటే ఊపిరాడక మంచం మీద నిటారుగా కూర్చుని, చేప నోరు తెరిచినట్టు తెరిచింది. ఆ మాట చెప్పాలనుకుంది. "సరే సార్" అని బయటికి వచ్చేసింది. వచ్చాక నడవలో గోడకి ఆనుకుని, సరే అని ఎందుకన్నానా అని తనని తానే తిట్టుకుంది.

ఒకచోట రాస్తే అన్నిచోట్లా మారుతుంది. మేడమ్ మాట ఆ రోజంతా తలలో తిరిగింది. ఇంకా ఆసుపత్రిదాకా వెళ్లి ఉండదులే అని ఒకసారి, ఈపాటికి వెళ్లిపోయి ఉంటుందని ఒకసారి. ఇంటికెళ్లి అత్తయ్యకి చెప్పేద్దామనుకుంది. చెప్తే ఏమని చెప్పాలి? పొద్దున పొమ్మన్నాను, మధ్యాహ్నం పంపించేశాను అనా? పొరపాటంటే ఎవరు నమ్ముతారు? తనైనా నమ్ముతుందా?

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బస్సులో అత్తయ్య కిటికీ పక్కన కూర్చుంది. దుమ్మక్క ఒళ్లో సంచీ, సంచీలో దుప్పటి, స్టీలు గ్లాసు. ఎర్రదీపం దగ్గర బస్సు ఆగితే ఆమెకి హాయిగా ఉంది. కదిలితే ఇంకో ఎర్రదీపం కోసం ముందుకి చూసింది.

కౌంటరు దగ్గర వరుస కదిలింది. వాళ్ల వంతు వచ్చింది. ఆమె నంబరు చెప్పింది. ఎప్పుడూ గడగడా వచ్చేది మధ్యలో ఒకచోట తెగింది, మళ్లీ అతుక్కుంది. కౌంటరులో మనిషి కొట్టాడు. చూశాడు. ఇంకోసారి కొట్టాడు.

"పేషెంటు ఎక్కడ?"

"నేనే నాయనా" అంది అత్తయ్య. "రోజూ చూస్తూనే ఉన్నావుగా."

ఆయన తెర వంక చూశాడు, అత్తయ్య వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "ఈమె చనిపోయారని చూపిస్తోందండీ."

వరుసలో వెనకనున్నవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగినట్టు అనిపించింది దుమ్మక్కకి. అత్తయ్య కిటికీ దగ్గరికి వంగింది. తర్వాత, "చచ్చినదాన్నయితే రెండు బస్సులు మారి ఇంతదూరం ఎందుకొస్తాను నాయనా? దగ్గర్లోనే ఎక్కడో పడి ఉండేదాన్నిగా" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కౌంటరులో మనిషి నవ్వలేదు. కార్డు కిటికీలోంచి వెనక్కి తోశాడు. "మిషను ఒప్పుకోకపోతే నేనేం చెయ్యలేనమ్మా. చీటీ రాదు."

అప్పుడు అత్తయ్య కోడలి వైపు తిరిగింది. ఫోను టింగుమన్న సాయంత్రం చూసిన చూపే. ఈసారి దాన్ని తప్పించుకోవడానికి దుమ్మక్కకి జాగా లేదు.

లోపలినుంచి నర్సు వచ్చింది, వరుస ఎందుకు ఆగిందో చూడటానికి. ఎన్నాళ్లుగానో అత్తయ్య చేతికి సూది గుచ్చే మనిషి ఆమే. విషయం విని, అత్తయ్య మణికట్టు మీద వేళ్లు ఆనించి, ఉబ్బిన పాదాలు చూసింది. "ఖాళీ కుర్చీ ఒకటి ఉంది. ఈసారికి నేను ఎక్కిస్తాను. ఇదే నా మెడకి చుట్టుకుంటుంది. మళ్లీసారి మాత్రం చీటీ లేకుండా రాకండి. నా చేతుల్లో ఉండదు" అంది.

మిషను మీద చక్రం గుండ్రంగా తిరుగుతోంది. గొట్టాల్లో ఎర్రగా రక్తం వెళ్తోంది, వస్తోంది. దుమ్మక్క పక్కన స్టూలు మీద కూర్చుని, నేల వంక చూస్తూ అంతా చెప్పేసింది. పట్టీ సంగతి, కళ్లజోడు సంగతి, ఫోను సంగతి, ఆఫీసరు సంగతి.

అత్తయ్య గొట్టాల వంక చూస్తూ వింది. తిడితే బాగుండునని దుమ్మక్క అనుకుంది.

"కావాలని రాశావా?"

"లేదు అత్తయ్యా. ఒట్టు."

"ఊళ్లో ఇంతమంది ఉండగా నా నంబరే ఎందుకు దొరికింది?"

"నాకు వచ్చిన నంబరు అదొక్కటే. నాది కూడా నాకు రాదు."

అత్తయ్య కళ్లు మూసుకుంది. "నువ్వు పొమ్మన్న మాట నేను ఆ మధ్యాహ్నానికే మర్చిపోయాను" అంది కళ్లు తెరవకుండానే. "నువ్వు మర్చిపోలేదన్నమాట."

రక్తం కడిగిన రోజు అత్తయ్య ఇంటికెళ్లి దుప్పటి ముసుగేసి పడుకుంటుంది. ఆ రోజు బయటికొచ్చాక, "మీ ఆఫీసుకి ఏ బస్సెక్కాలి?" అంది.

ఆఫీసులో అడుగుపెట్టగానే టకటక బాబాయి లేచి నిలబడ్డాడు. మీటల చప్పుడు గదంతా ఆగిపోయింది. అత్తయ్య ఎవరినీ చూడకుండా, కోడలి భుజం పట్టుకుని, నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లింది.

"కూర్చోండమ్మా" అన్నాడు ఆయన తడబడి.

"పోయినదానికి కుర్చీ ఎందుకు నాయనా?" అంటూనే కూర్చుంది. కాళ్లు నిలవడం లేదు మరి. "ఇది రాసింది. మీరు ఒప్పుకున్నారట. చూసి ఒప్పుకున్నారా, చూడకుండానా?"

ఆఫీసరు నుదుటి మీద చెమట పట్టింది. ఆయన కళ్లల్లో ఉన్నది దుమ్మక్క గుర్తుపట్టింది. రెండు రోజులుగా తను అద్దంలో చూస్తున్నదే అది.

"ఇది పైకి పంపితే నా పేరు మీద మచ్చ పడుతుందమ్మా. తనిఖీ అయ్యాక..."

"తప్పు నాదని రాయండి సార్" అంది దుమ్మక్క. ఆ గదిలో ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. "నా సంతకం పెడతాను. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యనివ్వండి. ఇవాళే పంపండి. ఎల్లుండికి చీటీ రాకపోతే ఆ తేదీ నిజమైపోతుంది సార్."

ఆయన మిషను వైపు తిరిగాడు. వెతికి వెతికి 'ఇతర ఫిర్యాదులు' అన్నచోట తెరిచి, ఆమె చెప్పింది రాశాడు. చివర్లో ఒక్క క్షణం ఆగి, తను చూడకుండా ఒప్పుకున్న సంగతి కూడా రాశాడు. తర్వాత బతికున్న మనిషి మొహం చూపించమంది మిషను. అత్తయ్యని తెర ముందు కూర్చోబెట్టారు. *కళ్లు ఆర్పండి* అని వచ్చింది.

అత్తయ్య ఆర్పింది. *గుర్తించలేదు* అంది మిషను. అలసటకి రెప్పలు సగం వాలి ఉన్నాయి, ఆర్పినా ఆర్పనట్టే ఉంది.

"కన్ను ఆర్పితేనే బతికున్నట్టా?" అని గొణిగింది అత్తయ్య. దుమ్మక్క ఆమె వెనక నిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తింది. ఆ గడ్డం చల్లగా ఉంది. అప్పుడు అత్తయ్య కళ్లు పెద్దవి చేసి, దెబ్బలాటలో చూసినట్టు చూసి, గట్టిగా ఆర్పింది. తెర మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది.

"ఇంక పైవాళ్ల దయ" అన్నాడు ఆఫీసరు. "ఎప్పుడు చూస్తారో చెప్పలేను."

మర్నాడంతా ఫోను టింగుమనలేదు. ఇంట్లో ఇద్దరూ దాని వంక చూడనట్టు చూస్తూ తిరిగారు. అత్తయ్య మంచం మీద పడుకుని ఏదో గొణుక్కుంటూ ఉంది. ప్రార్థన అనుకుని దుమ్మక్క దగ్గరికి వెళ్లలేదు. గ్లాసుతో కొలిచి నీళ్లిస్తే మాట్లాడకుండా తాగింది. ఆ మంచితనం చూసి దుమ్మక్కకి మరీ భయమేసింది.

ఆసుపత్రి కౌంటరు. అదే మనిషి. వరుస తరిగి, వాళ్ల వంతు వచ్చింది. దుమ్మక్క నోరు తెరిచింది. అంకెలు ఎదురుగా కనపడుతున్నాయి, గొంతులోంచి ఒక్కటీ బయటికి రావడం లేదు. ఈ నోటితోనే కదా, ఈ వేళ్లతోనే కదా అనిపించింది.

"నేను చెప్తాను నాయనా, రాసుకో" అంది అత్తయ్య.

చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క అంకె దగ్గరా ఆగుతూ, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. నిన్నటి గొణుగుడు ఏమిటో అప్పుడు అర్థమైంది దుమ్మక్కకి.

కౌంటరులో మనిషి కొట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. దుమ్మక్క సంచీ పిడి పట్టుకుంది. అత్తయ్య కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి, కదలకుండా నిలబడింది. చక్రం ఆగింది. కింద పెట్టెలోంచి చీటీ ఊడిపడింది.

"వెళ్లండమ్మా" అన్నాడాయన, అప్పటిదాకా ఆయన కూడా ఊపిరి బిగబట్టినట్టు.

నర్సు సూది గుచ్చి వెళ్లాక, దుమ్మక్క స్టూలు లాక్కుని కూర్చుంది. సంజాయిషీ అడుగుతూ ఆఫీసులో కాగితం తయారవుతోందని బాబాయి చెప్పాడు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఈసారికి మాత్రం అత్తయ్య రక్తం గొట్టాల్లో తిరుగుతోంది. అది చూస్తూ కూర్చుంది.

"ఇక నుంచి నా నంబరు నేనే చెప్పుకుంటాను" అంది అత్తయ్య.

"సరే అత్తయ్యా."

"మరి నీది?"

"నాదా?"

"రేపు నీకేదైనా అయితే ఎవరు చెప్తారు? నేనేగా చెప్పాలి. నీ కార్డు తియ్యి. చదివి వినిపించు, నేను నేర్చుకుంటాను."

ఆమె ప్రేమతోనే అడుగుతోందో, బాకీ తీర్చుకోవడానికి అడుగుతోందో, ఆ మొహం చూస్తే తెలియలేదు. దుమ్మక్క సంచీలో చెయ్యి పెట్టింది. కార్డు వేళ్లకి తగిలింది. తీయడానికి ఒక్క క్షణం చెయ్యి రాలేదు. ఆ క్షణం అత్తయ్య కూడా చూసింది. చూసి, ఎదురుచూసింది.

దుమ్మక్క కార్డు బయటికి తీసి, దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి మొదటి అంకె చదివింది. అత్తయ్య దాన్ని మెల్లగా తిరిగి అంది.